నాలుగూ కుడివైపే

మార్చి 3, సోమవారం

లేవని డ్రోనును పంపావు బాబాయ్. లేవదని ముందే చెప్పి ఉంటే ఇంకో దారి చూసుకునేదాన్ని. మూడు వారాలు బతిమాలించుకుని పంపావు. పంపింది నేల మీద పొర్లుతోంది. నాకున్న కాసిని రోజుల్లో నాలుగు రోజులు అదే మింగేసింది.

ఏం జరుగుతోందో రాస్తాను, చదివి కారణం చెప్పు. చదును నేల మీద పెట్టాను. బ్యాటరీ నిండుగా ఉంది. రిమోట్ పుల్ల మెల్లగా పైకి తోస్తే నాలుగు మోటార్లూ తిరుగుతాయి. చప్పుడు బాగానే చేస్తుంది. ఇంకొంచెం తోస్తే రెండు మూలలు లేవబోతాయి, ఎదురెదురుగా ఉన్న మిగతా రెండు మూలలూ నేలను పట్టుకుని వదలవు. గిర్రున తిరిగి వెల్లకిలా పడుతుంది. ఇప్పటికి రెండు రెక్కలు విరిగాయి. నువ్వు పెట్టెలో అదనంగా వేసినవి ఆరే.

దాన్ని నేనేమీ ఆటబొమ్మలా వాడలేదు. వచ్చిన రోజే షాపుకి తీసుకెళ్లాను. నా బల్ల మీదికి వచ్చే ఏ మోటారునైనా ఎలా చూస్తానో దీన్నీ అలాగే విప్పి, తుడిచి, సరిచూసి బిగించాను. మా మేస్త్రి అటుగా వచ్చి, "ఏంటే ఇది, మోటారా దోమా?" అన్నాడు. "దోమే. కుట్టాల్సిన చోట కుడుతుంది" అన్నాను. వైండింగ్ షాపులో నా నోటికి భయపడని మనిషి ఆయనొక్కడే. ఆయన కూడా చెయ్యి వెనక్కి తీసుకుని తన బల్లకి పోయాడు.

నీకు గుర్తు చేయాల్సిన పని లేదు. అయినా రాస్తాను, ఎందుకంటే నీ ఉత్తరాల్లో ఆ ఒక్క సంగతీ ఉండదు. నాన్న చిమ్నీ మీద నుంచి పడి ఎనిమిది నెలలు. రంగు వేయడానికి మూడో ప్లాట్‌ఫారం ఎక్కినవాడు బెల్టు కొక్కేన్ని అక్కడి ఇనుప కడియానికి తగిలించుకోలేదట. తాగి ఉన్నాడట. ఫ్యాక్టరీవాళ్ల కాగితం అలా చెబుతోంది. మన వీధిలో కూడా అలాగే చెప్పుకుంటున్నారు. ఇదే నెల 21, శుక్రవారం విచారణ అధికారి ఆ కాగితాన్ని ఖాయం చేసి ఫైలు మూసేస్తాడు. 24న చిమ్నీని కూల్చేస్తారు. నన్ను గేటు దాటనివ్వరు. ఎక్కడం తెలిసినవాళ్లెవరూ నా కోసం ఎక్కరు. ఆ కడియం గోడకు ఉందా, ఊడిందా? ఊడి ఉంటే నాన్న తగిలించుకున్నట్టే, ఆ కాగితం అబద్ధమే. అంత ఎత్తుకి వెళ్లి దాని ఫొటో తీసుకురాగలిగింది నీ డ్రోను ఒక్కటే.

మీ సైటులో గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు, ఆఫీసు ఫోన్లో మాట్లాడితే పక్కనే ఒకడు చెవి ఒగ్గి నిలబడతాడు. కాబట్టే ఈ కాగితాల గోల. సరుకుల లారీ డ్రైవరు మంగళవారం, శుక్రవారం మీ దగ్గరికి వస్తాడు, మర్నాడు తిరిగొస్తాడు. ఆయన భోజనం చేసి లేచేలోపు రాసి ఇవ్వు.

— నేను


మార్చి 4, మంగళవారం

మొండిపిల్లకి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదువుతుంటే ఎదురుగా నిలబడి నా చెవి మెలేస్తున్నట్టే ఉంది. పక్కమంచం క్రేను ఆపరేటరు, "ఎవరు, మీ ఆవిడా?" అన్నాడు. "ఆవిడైతే ఇంత భయపడను, అన్న కూతురు" అన్నాను.

ఇక్కడ అంతా మామూలే. గదికి ఆరుగురం. నీళ్లు పొద్దున గంట, సాయంత్రం గంట. దుమ్ముకి దగ్గు వదలడం లేదు. మోకాలు చలికి బిగుసుకుంటోంది, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను. క్రేను ఆపరేటరు గురకకి రేకుల కప్పు అదురుతుంది. అలవాటైపోయింది. ఆయన సెలవు మీద వెళ్తే నాకు నిద్ర పట్టదు, చూడు ఎంత విచిత్రమో.

తూనీగ సంగతి. (మీ నాన్న పెట్టిన పేరది. నువ్వు డ్రోను డ్రోను అంటే ఎవరి గురించో అనిపిస్తుంది.) అది వెల్లకిలా పడుతోందంటే నూటికి తొంభై పాళ్లు రెక్కలు మారి ఉంటాయి. రెక్కలు రెండు రకాలు, చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. ఒక రకం మీద చిన్న చుక్క ఉంటుంది. చుక్క ఉన్నవి, మోటారును మోసే చేతుల్లో చుక్క ఉన్నవాటి మీదికే పోవాలి. అవి ఒకదానికొకటి ఎదురు మూలల్లో ఉంటాయి. అక్షరాలున్న వైపు ఆకాశాన్ని చూడాలి. రెండోది, దాన్ని బల్లపరుపు నేల మీద పెట్టి, స్విచ్ వేశాక పది లెక్కపెట్టేదాకా ముట్టుకోకు. ఏది చదునో అది ఆ పది అంకెల్లో నేర్చుకుంటుంది. మూడోది, బ్యాటరీ పాతది. చలిగా ఉంటే నిండుగా ఉన్నట్టు చూపించి మోసం చేస్తుంది. కాసేపు చంకలో పెట్టుకో.

ఆదివారాల్లో రాళ్ల గుంత దగ్గర ఎగరేసేవాళ్లం, గుర్తుందా? అన్నయ్య చేతికి రిమోట్ ఇస్తే దీపస్తంభానికి కొట్టాడు. "డెబ్బై మీటర్లు నా కాళ్లతో ఎక్కగలను గానీ బొటనవేలితో ఎక్కలేనురా" అన్నాడు.

ఒక మాట అంటాను, కోప్పడకు. ఆ కడియాన్ని చూసి ఏం చేస్తావమ్మలూ? పోయినవాడు పోయాడు. కాగితం ఏమని రాసుకుంటే ఏముంది, అన్నయ్య ఎలాంటివాడో మనకి తెలుసు. వదినని చూసుకో. చిమ్నీ పడిపోతే అది రోజూ కళ్లబడడమైనా తప్పుతుంది.

వదినకి నా నమస్కారాలు.

బాబాయ్


మార్చి 6, గురువారం

మనకి తెలిస్తే చాలా? భలే చెప్పావు. నేను షాపుకి వెళ్లే దారిలో నాన్నతో కలిసి రంగు వేసినవాళ్లు కూర్చునే టీ బడ్డీ ఉంది. నేను దాటుతుంటే మాట ఆపేస్తారు. నిన్న ఒకడు ఆపలేదు. "పాపం, మంచోడేగానీ ఆ రోజు రెండు చుక్కలు వేసుకుని ఉంటాడు" అన్నాడు. వాడి పెళ్లికి తన చొక్కా ఇచ్చిన మనిషి నాన్న. వాడి ముందుకి వెళ్లి, "నువ్వు పోశావా ఆ చుక్కలు?" అని అడిగాను. లేచి వెళ్లిపోయాడు. టీ తాగకుండానే.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. చుక్క ఉన్న రెక్కలు చుక్క ఉన్న చేతుల మీదే ఉన్నాయి. అక్షరాలు ఆకాశాన్నే చూస్తున్నాయి. పది కాదు, ఇరవై లెక్కపెట్టాను. బ్యాటరీని చంకలో పెట్టుకుని అరగంట కూర్చుంటే అమ్మ, "జ్వరం చూసుకుంటున్నావా?" అంది. అయినా అదే రెండు మూలలు, అదే పొర్లడం. ఇంకో రెక్క పోయింది. మోటార్ల లోపల తీగచుట్లు మీటరు పెట్టి చూశాను, నాలుగూ ఒక్కటే చూపిస్తున్నాయి. బేరింగుల్లో దుమ్ము లేదు. టంకాలు గట్టిగా ఉన్నాయి. మోటారు సంగతి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. తప్పు మోటార్లలో లేదు. నువ్వు అమర్చిన బోర్డులోనో, దాని బుర్రలోనో ఉంది. సూటిగా చెప్పు, నీళ్లు నమలకు.

మొన్న ఫ్యాక్టరీ గుమస్తా ఇంటికొచ్చాడు. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు, లేచి పోవడానికి వీలుగా. సంచిలోంచి అదే కాగితం తీసి, "ఇక్కడ ఒక్క సంతకం పెట్టండమ్మా, అయిపోతుంది" అన్నాడు.

"ఏమిటయ్యా అయిపోయేది?" అంది అమ్మ.

"అదేనమ్మా, ఈ తిరుగుళ్లు. బెల్టు తగిలించుకోకపోవడం వల్ల జరిగిందని మీరూ ఒప్పుకున్నట్టు."

అమ్మ కాగితం ముట్టుకోలేదు. "మా ఆయన వంటింట్లో బల్బు మార్చడానికి స్టూలెక్కితే నన్ను వచ్చి కాలు పట్టుకోమనేవాడు. ఆయన డెబ్బై మీటర్ల మీద వట్టినే నిలబడ్డాడని నన్ను రాయమంటావా?" అంది.

గుమస్తా కాగితం మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, "మీ మరిది గారు కూడా అప్పుడు అక్కడే ఉన్నారమ్మా. ఆయనేం అభ్యంతరం చెప్పలేదు" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ ముద్ద సరిగా మింగడం లేదు. నువ్వు ఆ రోజు ఫ్యాక్టరీ స్టోరు గదిలో పనిలో ఉన్నానన్నావు. చప్పుడు విని ఆలస్యంగా వచ్చానన్నావు. ఏది నిజం?

ముందు డ్రోను సంగతి చెప్పు. రెండోది తర్వాత.

— నేను


మార్చి 7, శుక్రవారం

అమ్మలూ,

లారీ డ్రైవరు తొందరగా పోవాలంటున్నాడు, క్లుప్తంగా రాస్తున్నాను.

నువ్వు చెప్పేదాన్ని బట్టి బోర్డే పోయినట్టుంది. అది అక్కడ బాగయ్యేది కాదు. మళ్లీ మళ్లీ తోస్తే మోటార్లు కూడా కాలిపోతాయి. పెట్టెలో పెట్టి డ్రైవరుకి ఇచ్చి పంపెయ్. ఏప్రిల్ రెండో వారంలో నాకు సెలవుంది. తీరిగ్గా విప్పి చూస్తాను, ఇద్దరం కలిసి ఎగరేద్దాం.

గుమస్తా మాటలు పట్టించుకోకు. వాళ్లు సంతకం కోసం ఏమైనా అంటారు. వదినని వేళకి తినమని నా మాటగా చెప్పు.

దగ్గు తగ్గింది. ఇక్కడ కొత్తగా గోడలకి సున్నం వేస్తున్నారు, ఆ వాసనకి తల పట్టేస్తోంది.

బాబాయ్


మార్చి 10, సోమవారం

ఏప్రిల్‌లో వచ్చి చూస్తావా? మార్చి 24న చిమ్నీ పడిపోతుందని నేను రాసింది నీకు కనబడలేదా, కనబడే రాశావా? చేతులు కాలాక ఆకులు తెచ్చిస్తానంటున్నావు.

ఇప్పుడు నాకు అర్థమైంది రాస్తాను. నువ్వు పంపే ముందే దాన్ని పాడుచేశావు. అడిగితే కాదనలేవు కాబట్టి పంపావు. లేస్తే ఏం చూపిస్తుందో తెలుసు కాబట్టి లేవకుండా చేసి పంపావు. రెక్కలన్నావు, చదునన్నావు, చంకన్నావు, ఇప్పుడు బోర్డంటున్నావు. ఒక్కో ఉత్తరంతో నాకు మూడు రోజులు తగ్గిస్తున్నావు. నేను పదో తరగతి దాటని మాట నిజమే. షాపులో పాత పుస్తకాల బొమ్మలు చూసి వైండింగ్ నేర్చుకున్న మాటా నిజమే. అంతమాత్రాన నా చెవిలో పువ్వు పెట్టగలననుకున్నావా?

వరసగా అడుగుతాను. నాన్న పోయిన పన్నెండో రోజుకి నిన్ను అంత దూరం సైటుకి ఎందుకు మార్చారు? మార్చినప్పుడు ఉద్యోగం ఒక మెట్టు ఎందుకు పెంచారు? నాన్న బెల్టు ఇంటికి ఎందుకు రాలేదు? డబ్బా, చెప్పులు, గొడుగు అన్నీ వచ్చాయి. బెల్టు రాలేదు. నువ్వు ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా అమ్మ ఎదురుగా ఎందుకు కూర్చోలేదు?

చివరగా ఒక్కటే. పైన నాకు ఏం కనబడుతుందని నీకు భయం?

పెట్టె పంపను. అది నా దగ్గరే ఉంటుంది, లేచినా లేవకపోయినా.

— నేను


మార్చి 13, గురువారం

బుధవారం డ్రైవరు ఖాళీ చేతులతో వచ్చాడు. "ఇవ్వలేదా?" అంటే, "మీ బాబాయ్ ఉత్తరం చదివి మడిచాడు, మళ్లీ చదివాడు, మళ్లీ మడిచాడు. నాకు హారన్ కొట్టాల్సొచ్చిందమ్మా" అన్నాడు.

రేపు ఆయన మళ్లీ వస్తాడు. ఈసారి ఎన్ని హారన్లు కొట్టినా జవాబు చేతిలో పడేదాకా కదలొద్దని చెప్పాను.


మార్చి 14, శుక్రవారం

అమ్మలూ,

తూనీగని నేను పాడుచేయలేదు. పెట్టెలో సర్దే రోజు పొద్దున్నే మా గదుల వెనక మట్టిగుట్టల దగ్గర ఎగరేసి చూశాకే పంపాను. ఎందుకు లేవడం లేదో నాకు నిజంగా తెలియదు. కానీ లేవడం లేదని నువ్వు రాసినప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. అదీ నిజమే. అది లేచే ఉపాయం కోసం నేను బుర్ర పెట్టలేదు. రోజులు గడవాలని మాత్రం చూశాను.

అడిగావు కాబట్టి చెబుతాను.

కడియాలు పరీక్షించడం నా పని. మూడు నెలలకోసారి ఒక్కో కడియానికి గొలుసు తగిలించి గంటసేపు బరువు లాగి చూడాలి. నిలబడితే ఒక రేకుముక్క మీద తేదీ, నా నంబరు అచ్చుకొట్టి తీగతో ఆ కడియానికే కట్టాలి. నా నంబరు ఏడు. పైకెక్కినవాడు ఆ రేకు చూసి నమ్మి కొక్కెం తగిలిస్తాడు.

రెండు వందల పది మెట్ల నిచ్చెన అది. ఈ మోకాలితో రెండేళ్లుగా ఎక్కలేదు నేను. మేనేజరుకి తెలుసు. "రేకు ఉంటే చాలు" అనేవాడు. కిందే కూర్చుని అచ్చుకొట్టేవాణ్ణి. వాటిని పైకి తీసుకెళ్లి కట్టింది ఎవరనుకున్నావు? అన్నయ్య. "మోకాలు అరగదీసుకోకురా, ఇలా తే, నేనెలాగూ ఎక్కేవాణ్ణే" అని జేబులో వేసుకునేవాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు. వదినకి కూడా చెప్పలేదు. బయటికి పొక్కితే నా ఉద్యోగం పోతుందని.

ఆ పొద్దున కూడా నాలుగు రేకులు పట్టుకెళ్లాడు. నిచ్చెన మొదట్లో ఆగి, "లాగి చూడకపోయినా పరవాలేదంటావా?" అన్నాడు, నవ్వుతూనే. "ఏనుగుని కట్టినా ఊడదు, పో అన్నయ్యా" అన్నాను.

నేను స్టోరు గదిలో లేను. కిందే ఉన్నాను. మొదట పరిగెత్తింది నేనే. బెల్టు నడుముకే ఉంది. కొక్కెం మూసే ఉంది. కొక్కెంలో కడియం ఉంది. వెల్డింగ్ ఊడి గోడ నుంచి వచ్చేసింది. కడియానికి నా రేకు వేలాడుతోంది. తీగ ముడి అన్నయ్యది.

మేనేజరు వచ్చి కొక్కెం విప్పి కడియం తీసి గుడ్డలో చుట్టాడు. బెల్టూ తీసేయించాడు. "దీని మీద ఎవరి నంబరు ఉందో చూశావుగా" అన్నాడు. నేను ఏమీ అనలేదు. ఇప్పటిదాకా ఏమీ అనలేదు. తాగాడని రాసినప్పుడు కూడా.

నీకు దండం పెడతాను, చదివాక దీన్ని చింపెయ్. వదినకి చెప్పకు.


మార్చి 17, సోమవారం

ముందు నా తప్పు రాస్తాను. తర్వాత నీది.

నీ ఉత్తరం శనివారం సాయంత్రం చేతికొచ్చింది. చదివాక చేతులు ఊరికే ఉంచుకోలేక మళ్లీ డ్రోను ముందేసుకున్నాను. ఎగరేసే పంపానని రాశావు. నమ్మకూడదనుకున్నాను. కానీ అన్నీ ఒప్పుకున్నవాడు ఆ ఒక్కటీ దాచి ఏం చేసుకుంటాడు? నిజమే అయితే పాడైంది నా దగ్గరికి వచ్చాకే అయి ఉండాలి. దాన్ని బల్లకి కట్టేసి, మోటార్లు తిప్పి, ఒక్కో రెక్క కింద సన్నటి కాగితం ముక్క పట్టాను. రెండింటి కింద కాగితం కిందికి కొట్టుకుంది. రెండింటి కింద పైకి లేచి రెక్కకి అంటుకుంది. రెండు రెక్కలు మోస్తుంటే రెండు తొక్కుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. వచ్చిన మొదటి రోజు రెక్కలు పెట్టకుండా తిప్పి చూస్తే రెండు మోటార్లు కుడికి, రెండు ఎడమకి తిరిగాయి. మా షాపులో ఎడమకి తిరిగే మోటారు గుమ్మం దాటదు. వచ్చిన ప్రతిదాన్నీ కుడికి తిప్పి పంపుతాం. బాబాయ్ కంగారులో తీగలు తారుమారు చేశాడనుకున్నాను. మూడు తీగల్లో రెండింటిని మార్చి టంకం పెడితే తిరిగే వైపు మారుతుంది. మార్చేశాను. రెండు నిమిషాల పని. అది నాకు చెయ్యి కడుక్కోవడంతో సమానం, నీకు రాయాలని కూడా తోచలేదు. ఇలాంటి దానికి రెండు కుడికి, రెండు ఎడమకి తిరగాలని మా మేస్త్రికీ తెలియదు, నాకూ తెలియదు. నీకు తెలుసు. కానీ బాగున్న మోటార్లను ఎవరైనా తిప్పి కడతారని నీ ఊహకి అందదు. నాలుగూ కుడివైపే తిప్పి, లేవడం లేదని నిన్ను దొంగని చేశాను. ఆడలేక మద్దెల ఓడన్నాను. ఆ నింద వెనక్కి తీసుకుంటున్నాను. అదొక్కటే.

నేను డ్రోను గురించి నిలదీస్తే నువ్వు కడియం గురించి చెప్పావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు.

తీగలు మళ్లీ మార్చాను. ఆదివారం పొద్దున్న అమ్మా నేనూ ఫ్యాక్టరీ వెనక సందులోకి వెళ్లాం, ప్రహరీ అవతలే చిమ్నీ. అమ్మ పెట్టె పట్టుకుంది. నేల మీద పెట్టి పుల్ల తోస్తే లేచింది బాబాయ్. వంకర లేకుండా, దారం కట్టి లాగినట్టు లేచింది. నాకు ఏడుపొచ్చింది. పుల్ల మీద చేతులుండడంతో తుడుచుకోలేదు.

మూడో ప్లాట్‌ఫారం చుట్టూ రెండుసార్లు తిప్పి దించాను. ఫొటోలు షాపు కంప్యూటరులో చూశాం. ఇంటికి రాలేదు, నేరుగా షాపుకే వెళ్లాం. అమ్మ ఆగలేకపోయింది.

కడియం ఉంది. గోడకి గట్టిగా ఉంది. చుట్టూ గోడంతా పెచ్చులూడి, కమ్ములన్నీ తుప్పుపట్టి ఉంటే అదొక్కటి కొత్త పసుపు రంగుతో మెరుస్తోంది. మసిపూసి మారేడుకాయ చేశారు. దానికో రేకు కూడా కట్టారు. డ్రోను దగ్గరగా వెళ్లిన చోట అక్షరాలు కనబడుతున్నాయి. నాన్న పోయిన రోజు తేదీ. నంబరు ఏడు. నీ అచ్చు అక్కడే వదిలేసి వెళ్లావా బాబాయ్? దాంతోనే కొట్టారు. కడియం గట్టిదే, ఏడో నంబరు లాగి చూశాడు, రంగు వేసేవాడు తగిలించుకోలేదు అని శుక్రవారం చెబుతారు. నువ్వు రాకపోయినా నీ నంబరు వచ్చి అబద్ధపు సాక్ష్యం చెబుతుంది.

నీ ఉత్తరం అక్కడే అమ్మకి చదివి వినిపించాను. చెప్పకన్నావు. నాన్న కూడా నీ కోసం అమ్మకి చెప్పకుండా దాచాడు, ఏమైందో చూశాం. అంతా విని అమ్మ ఏడవలేదు. "ముడి ఆయనదేనని వాడికెలా తెలిసింది?" అంది. మళ్లీ తనే, "తెలుస్తుందిలే. ఆయన తీగని మూడు చుట్లు తిప్పి కొసని లోపలికి వంచుతాడు, ఎవరి చేతికీ గుచ్చుకోకుండా" అంది. లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లి ఆ ఫొటో మళ్లీ పెద్దది చేయించింది. కొత్త రేకుకి ఒకటే చుట్టు. కొస బయటికి పొడుచుకుని ఉంది. "ఇది ఆయన కట్టింది కాదు" అంది.

అది నాకూ అమ్మకీ సాక్ష్యం. విచారణ అధికారికి కాదు. తీగ ముడి చూసి ఆయన ఫైలు తిరగరాయడు. కొత్త కడియం అడిగితే మరమ్మతు అంటారు. నా ఫొటో వాళ్ల పక్షానే మాట్లాడుతుంది. డెబ్బై మీటర్లు ఎక్కించి నేను తెచ్చుకున్నది ఇది. పైన చూడాల్సింది ఇక ఏమీ లేదు. చూసినవాడివి నువ్వే ఉన్నావు. కొక్కెంలో కడియం ఉంది. ఆ ఒక్క మాట చాలు.

నీ ఉద్యోగం పోతుంది. కేసు కూడా పెడతారేమో. ఏమీ కాదని నేను అబద్ధం చెప్పను. నీ మోకాలు నొప్పి నిజమే, మేనేజరు బెదిరింపు నిజమే. ఆ రెండూ కలిపినా తాగి ఎక్కాడన్న మాట విని ఊరుకోవడానికి సరిపోవు. నీ మోకాలి బరువు నాన్న రెండేళ్లు జేబులో వేసుకుని మోశాడు. నువ్వు లాగి చూడలేదన్నది ఆయనా ఒప్పుకున్న తప్పే. అదీ చెప్పు. దాచమనడం లేదు. ఆయన తప్పు ఎంతో అంతే ఆయన పేరు మీద ఉండాలి. తాగడం, తగిలించుకోకపోవడం ఆయనవి కావు.

నీ ఉత్తరం చింపలేదు. చివర బాబాయ్ అని రాయలేదు నువ్వు, గమనించాను. మొదటిసారి.

రేపు ఈ ఉత్తరం నీ చేతికొస్తుంది. డ్రైవరుతో మాట్లాడాను, ఎల్లుండి తిరుగు ప్రయాణంలో ముందు సీటు ఖాళీ. మెట్టు ఎత్తుగా ఉంటే చెయ్యందిస్తానన్నాడు. ఎక్కిరా. వచ్చి అమ్మ ఎదురుగా కూర్చో, తర్వాత శుక్రవారం పదిన్నరకి అధికారి ఎదురుగా నిలబడు. రాలేకపోతే నువ్వు చూసిందంతా నీ చేత్తో మళ్లీ రాయి, ప్రతి పేజీ కింద పూర్తి పేరు, నంబరు, సంతకం పెట్టి డ్రైవరుకి ఇవ్వు. రెండిట్లో ఏదీ జరగకపోతే సంతకం లేని ఉత్తరమే నేను అక్కడ గట్టిగా చదువుతాను, ఎవరు రాశారో చెప్పి చదువుతాను, నాన్నకి తమ్ముడు లేడని అమ్మ చెబుతుంది. లారీ బుధవారం సాయంత్రం నాలుగింటికి యార్డులో ఆగుతుంది. నేను మూడున్నర నుంచే అక్కడ ఉంటాను. నువ్వో, నీ సంతకమో నాలుగింటికల్లా దిగాలి.

నీ అన్న కూతురు